షట్టరు బరువు ఎవరు మోస్తున్నారు?

పొద్దున ఆరున్నర. వనపర్తిలో రెండు వందల గజాల జాగాలో కట్టుకున్న ఇల్లు. కింద కారు, పైన కాపురం. ఇంటాయన మెట్లు దిగి రిమోటు నొక్కాడు. షట్టరు రెండంగుళాలు లేచి టక్కున ఆగింది. మళ్లీ నొక్కాడు, పైన రేకు పెట్టెలోంచి మూలుగు వినిపించింది. మూడోసారి నొక్కేసరికి కింది పట్టీ విల్లులా వంగింది. కంగారుగా ఫోను చేస్తే మెకానిక్కు అడిగిన మొదటి మాట: "సార్, పక్క తాళం తీసిండ్రా?"

తీయలేదు. రాత్రి తాళం వేసిందీ ఆయనే, పొద్దున మరిచిపోయిందీ ఆయనే.

ఇల్లు ఎవరిదైనా కావచ్చు, ఊరు గద్వాలైనా నాగర్‌కర్నూలైనా కావచ్చు. మోటారు షట్టరు మెకానిక్కులకు ఇది బాగా తెలిసిన ఫోను. అందుకే ఏం జరిగిందని అడగకముందే తాళం సంగతి అడుగుతారు.

ఒకప్పుడు షట్టరంటే దుకాణానిదే. పొద్దున గరగరమని లేచేది, రాత్రి దడాలున దిగేది. ఎత్తడానికి గుమాస్తా ఉండేవాడు. 2016 అక్టోబరులో ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాక ఊరి అంచున ప్లాట్లు లేచాయి, ఇళ్ల కింద కార్లు చేరాయి. కారుకో షట్టరు, ప్రహరీకో జరిగే గేటు, రెంటికీ మోటార్లు వచ్చాయి. అమెరికాలో పిల్లలున్న ఇళ్లయితే చెప్పనే అక్కర్లేదు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో కొడుకు కారులో కూర్చునే గరాజ్ తలుపు లేపడం చూసొచ్చిన తండ్రికి ఇక్కడ వంగి షట్టరు ఎత్తాలంటే నామోషీగా ఉంటుంది మరి!

అక్కడి తలుపు పలకలు పలకలుగా పైకెక్కి కప్పు కింద పడుకుంటుంది. ఇక్కడిది చాపలా చుట్టుకుంటుంది. ఆకారం వేరైనా రెంటినీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీని బరువు ఎవరు మోస్తున్నారు?

పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న ఇనుప షట్టరు తీసుకోండి. రేకు మందాన్ని బట్టి 80 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. అంటే దాదాపు రెండు సిమెంటు బస్తాలు. రెండు బస్తాలను మీరు ఒంటిచేత్తో తలపైకి ఎత్తగలరా? షట్టరును మాత్రం ఎత్తగలుగుతున్నారు. కారణం, పైన పైపు మీద చుట్టి ఉన్న స్ప్రింగులు. షట్టరు కిందికి దిగుతున్నప్పుడు అవి బిగుసుకుంటాయి. పైకి లేచేటప్పుడు ఆ బిగువు వదులుతూ బరువు మోస్తాయి. స్ప్రింగులున్న షట్టరుకు చెయ్యి గానీ మోటారు గానీ చేసేది ఊతమివ్వడం వరకే.

అమెరికాలో సి.జి. జాన్సన్ అనే ఆయన పైకి లేచే గరాజ్ తలుపును 1921లో తయారు చేశాడు. దాన్ని ఎత్తే కరెంటు మోటారు తెచ్చింది 1926లో. ముందు చేత్తో లేచే తలుపు, ఐదేళ్లకు మోటారు. మన దగ్గర వరస తిరగబడుతుంది. చేత్తో ఎత్తలేనంత బిగుసుకుపోయిన షట్టరుకు మోటారు పెట్టించి, ఇక బాధ తీరిందనుకుంటారు. బాధ ఎక్కడికీ పోదు, చేతుల మీద నుంచి మోటారు మీదికి మారుతుంది. ఏడాది తిరక్కుండానే మోటారు కాలిపోతే "కంపెనీ మంచిది కాదు" అని తిట్టుకుంటారు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ వాళ్లకు ఈ బరువు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు చైను తెగి, గేటు నీళ్లలో కొట్టుకుపోయింది. ఉన్నవి 33 గేట్లు, తెగింది ఒక్క చైను. దిగువ ఊళ్లకు నదిలోకి దిగొద్దని హెచ్చరికలు వెళ్లాయి. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, నీళ్లు పారుతుండగానే ఉక్కు పలకలు దించి ఆ ఖాళీని వారం రోజుల్లో మూశారు. అంత గేటైనా, ఇంటి షట్టరైనా, బరువు మోసే ముక్క తెగితే మిగతా సామానంతా ఎంత గట్టిగా ఉన్నా లాభం లేదు.

సరే, మీ ఇంటి సంగతికి వద్దాం.

1. తాళానికి గుర్తు పెట్టండి. పక్క గడియలకో నడిమి తాళానికో ఒక ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. తాళం వేస్తే గుడ్డ బయటికి వేలాడాలి, తీస్తే లోపలికి పోవాలి. ఇది పల్లెటూరి ఉపాయంలా ఉందా? ఖరీదైన ఉపాయమూ ఉంది. తాళం పడి ఉంటే మోటారుకు కరెంటు అందకుండా చేసే చిన్న స్విచ్చు పెట్టించుకోవచ్చు. రెండూ వద్దనుకుంటే మోటారు పెట్టించిన రోజే పక్క గడియలు పీకించేయండి. షట్టరు కిందికి దిగాక చాలా మోటార్ల గేరు దాన్ని తేలిగ్గా ఎత్తనివ్వదు. ఊరెళ్లేటప్పుడు వేసే తాళం ఒక్కటి ఉంటే చాలు.

2. నడుమెత్తులో వదిలి చూడండి. ఈ పరీక్ష స్ప్రింగులున్న, చేత్తో ఎత్తే షట్టరుకే. దాన్ని నడుము దాకా లేపి, పాదాలు దూరం పెట్టి, చేతులు మెల్లగా వదలండి. అక్కడే నిలబడినా, జానెడు అటూ ఇటూ జరిగి ఆగినా స్ప్రింగు బాగున్నట్టే. దడాలున పడిందా, స్ప్రింగు అలసిపోయింది. చేతిలోంచి జారి పైకి ఎగిరిందా, ఎవరో అతిగా బిగించారు. నెలకోసారి ఇలా చూసుకుంటే మీ షట్టరు నాడి మీకు తెలిసిపోతుంది. పైపు పక్కన బిగించే సైడు మోటారు షట్టర్లలో చాలావాటికి అసలు స్ప్రింగులే ఉండవు. బరువంతా గేర్‌బాక్సూ బ్రేకూ మోస్తాయి. మోటారు దగ్గర వేలాడే చిన్న తాడు లాగితే ఆ బ్రేకు వదిలి షట్టరు జారుతుంది. "ఈ తాడెందుకో" అని పిల్లలు లాగి చూసేంత కింద దాన్ని వేలాడనీయొద్దు.

3. స్ప్రింగు, పైపు మీ పని కాదు. "చెయ్యొద్దు" అని అన్నిటికన్నా గట్టిగా చెప్పేది దీని గురించే. బిగిసి ఉన్న స్ప్రింగు బోల్టు విప్పితే పైపు గిర్రున తిరుగుతుంది. పైపు రెంచి చేతిలో ఉన్నవాడి మణికట్టు దాంతోపాటే తిరుగుతుంది. యూట్యూబులో చూసి నిచ్చెన ఎక్కేవాళ్లకు ఒక లెక్క. అమెరికా గరాజ్ తలుపుల మామూలు స్ప్రింగులు పది వేల సార్లు ఎత్తి దించడానికి తయారవుతాయి. రోజుకు నాలుగు సార్లంటే ఏడేళ్లు కూడా రావు. అంటే స్ప్రింగు పోవడం వింత కాదు, కారు టైరు అరిగినట్టే. టైరు అరిగితే ఇంట్లో కూర్చుని రబ్బరు అతికించుకోం కదా. ఒక స్ప్రింగు తెగినప్పుడు పక్కదాన్ని కూడా మార్పించడం మేలు. రెండూ ఒకే రోజు పనిలో చేరాయి, రెండోది వెనకే వస్తుంది.

4. పట్టీలు జారే పక్క చానళ్లకు కాలిన ఇంజనాయిలు పోయొద్దు. షట్టరు కిర్రుమనగానే మొదట గుర్తొచ్చే మందు అదే. మెకానిక్ షెడ్డులో ఊరికే దొరుకుతుంది, పోసిన పూట షట్టరు వెన్నలా కదులుతుంది. నాలుగు నెలలాగి టార్చి వేసి చూడండి. పాలమూరు ఎర్రదుమ్ము ఆ నూనెలో కలిసి, ఆరిన పేడలా నల్లటి పేస్టయి, చానలు మూలల్లో గట్టిపడి ఉంటుంది. పట్టీ చివర్లు దాన్ని ఒరుసుకుంటూ ఎక్కుతాయి, ఒరుసుకుంటూ దిగుతాయి. దాన్ని వదిలించాలంటే విరిగిన హాక్సా బ్లేడుతో గీకి, కిరసనాయిలు గానీ డీజిల్ గానీ ముంచిన గుడ్డతో తుడిచి, మూలల్లోకి పాత పళ్ల బ్రష్షు దూర్చాలి. ఎక్కడైనా చానలు నొక్కుకుపోయి ఉంటే అక్కడ ఇనుము వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది. పట్టీ రోజూ రాసుకునే చోటు అదే. కారు తగిలిన గుర్తు తరచూ మోకాలెత్తులో దొరుకుతుంది. తుడిచాక పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే పలచగా కొట్టండి, చాలు. డబ్ల్యూడీ-40 తుప్పు వదిలించడానికి మంచిదే గానీ, నెలల తరబడి జారుడు నిలబెట్టదు. గ్రీజు బేరింగులకు, గేర్లకే. ఇక పండక్కి ఇంటికి రంగులేసేటప్పుడు పెయింటరు చానల్లోకి కూడా బ్రష్షు పెట్టేస్తాడు. అతని పక్కన నిలబడి చూసుకోవాల్సిన జాగా అదొక్కటే.

5. వెల్డింగుకు ముందు మోటారు తీగలు విప్పించండి. వంగిన పట్టీకి అతుకు వేయడానికి వెల్డరు వస్తాడు, ఎర్త్ క్లిప్పు షట్టరుకే తగిలిస్తాడు. ఆ కరెంటు ఇనుము వెంట పాకి మోటారు బోర్డును మాడ్చేస్తే వంద రూపాయల పని వేలల్లో తేలుతుంది. అసలు వంగిన పట్టీని అతికించడం కన్నా మార్చడమే మంచిది. పట్టీలు ఒకదాన్లో ఒకటి దూరి ఉంటాయి, పక్కకు లాగితే జారి వస్తాయి. వెల్డింగు అతుకు పడిన చోట షట్టరు గుండ్రంగా చుట్టుకోదు.

మోటారు చెడిందని తేల్చే ముందు దాని మాట వినాలి. రిమోటు నొక్కితే ఏ చప్పుడూ లేదా? ముందు ఎంసీబీ, తర్వాత గోడ మీది స్విచ్చు, ఆ తర్వాత రిమోటు బ్యాటరీ చూడండి. గోడ స్విచ్చుకు కదిలి రిమోటుకు కదలకపోతే తప్పు మోటారుది కాదు. రిమోటు గేటు దాకా వస్తేగానీ పనిచేయడం లేదంటే ముందుగా అనుమానించాల్సింది బ్యాటరీనే. మూలుగుతోంది గానీ కదలడం లేదా? వెంటనే వేలు తీసేయండి. ఎక్కడో పట్టేసి ఉండాలి, లేదా కండెన్సరు పోయి ఉండాలి. ఫ్యానుకు పోయే కండెన్సరు లాంటిదే ఇదీ. కాకపోతే కరెంటు తీసేశాక కూడా అది షాకు దాచుకుని ఉంటుంది కాబట్టి ఎలక్ట్రీషియనుకే వదలండి.

నడి ఎండాకాలం. గద్వాలలో చీరల వ్యాపారి ఒకాయన మధ్యాహ్నం మూడింటికి చుట్టాలకు కొత్త మోటారు చూపిస్తున్నాడనుకోండి. ఎత్తాడు, దించాడు, మళ్లీ ఎత్తాడు. నాలుగోసారి సగంలో ఆగిపోయింది. చుట్టాల ముందు పరువు పోయిందని మెకానిక్కును ఫోనులోనే దులిపేశాడు. నిజానికి మోటారుకు ఏమీ కాలేదు. రేకు పెట్టె కింద, నలభై దాటిన ఎండలో, వరసగా తిరిగేసరికి లోపలున్న వేడి రక్షణ కరెంటు ఆపేసింది. చాలా ఇంటి మోటార్లు నాలుగైదు నిమిషాలకు మించి ఆగకుండా తిరగడానికి తయారైనవి కావు. ఓ ఇరవై నిమిషాలు ఆగి, టీ తాగి నొక్కితే అదే లేస్తుంది. రోజూ మొదటిసారికే ఆగిపోతుంటే మాత్రం అది వేడి కాదు, బరువు. ఆ బరువును ఏది మోస్తోందో మెకానిక్కుకు చూపించండి.

నేలకు ఆనకుండా నాలుగంగుళాలు పైనే ఆగిపోవడం, లేదా నేల తాకాక కూడా చుట్ట వదులుతూ పట్టీలు నలిగిపోవడం లిమిట్ స్విచ్చు జరిగిపోయిన లక్షణం. ఎక్కడ ఆగాలో మోటారుకు చెప్పేది ఆ చిన్న స్విచ్చే. దాన్ని సరిచేయడం మెకానిక్కుకు పావుగంట పని. అప్పటిదాకా రిమోటు మీద వేలుంచి, కళ్లు షట్టరు మీదుంచి, మీరే ఆపుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోతుంది. కారు లోపల, షట్టరు కింద, ఇంట్లో పెద్దాయనకు ఆయాసం. అప్పుడు చైను ఎక్కడుందో వెతుక్కుంటారా? సైడు మోటారుకు చేత్తో లాగే చైను ఉంటుంది. దాన్ని కరెంటు ఉన్న రోజునే, ఎంసీబీ కిందికి దించి, ఇంట్లో ప్రతివాళ్లూ ఒకసారి లాగి చూడాలి. ఎంసీబీ ఎందుకంటే, చైను చేతిలో ఉండగా కరెంటు తిరిగొచ్చి ఎవరో రిమోటు నొక్కితే చైను వేళ్లను లాక్కుంటుంది. పైపు లోపలే దాగి ఉండే గొట్టం మోటారు కొనేటప్పుడు "కరెంటు పోతే చేత్తో తీసే ఏర్పాటు ఉందా?" అని తప్పనిసరిగా అడగండి. లేనిదాన్ని, ఇంటికి వేరే దారి లేనివాళ్లు కొననే కొనొద్దు.

ఇప్పుడు జరిగే గేటు. పైకి సాధువులా కనిపిస్తుంది గానీ షట్టరు కన్నా ప్రమాదకరమైనది ఇదే. పట్టాల మీద దొర్లే గేటుకు చివర ఆపే ఇనుప దిమ్మె విరిగిపోయినా, పైన పట్టి ఉంచే రోలర్లు వదులైనా గేటు పట్టా దాటి మనిషి మీద పడుతుంది. ఆడుకుంటున్న పిల్లల మీద గేటు పడ్డ వార్త పత్రికల్లో అప్పుడప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. మోటారు గురించి ఆలోచించే ముందు ఆ దిమ్మెను కాలితో తన్ని చూడండి. కదిలితే ఆ రోజే వెల్డరును పిలవండి. తర్వాత గేటును మోటారు నుంచి తాళంచెవితో విడదీసి చేత్తో తోయండి. చిన్న పిల్లాడు తోసినా కదలాలి. కదలకపోతే కింది చక్రాల బేరింగులు అరిగి ఉంటాయి, లేదా పట్టాలో కంకర ఇరుక్కుని ఉంటుంది. మోటారు పళ్ల చక్రానికీ గేటుకు బిగించిన పళ్ల బద్దకూ మధ్య రెండు ఏటీఎం కార్డులు కలిపి దూరేంత సందు ఉండాలి. చక్రాలు అరిగి గేటు కిందికి దిగితే ఆ సందు మూసుకుపోయి, బరువు వచ్చి మోటారు నెత్తిన కూర్చుంటుంది. వానాకాలంలో మోటారు డబ్బాలో చీమలు పుట్ట పెడతాయి, బల్లులు దూరి బోర్డు మీద కాలిపోతాయి. తీగలు వచ్చే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించుకుంటే ఆ పీడ తగ్గుతుంది.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. 1993 జనవరి 1 తర్వాత తయారైన ఏ ఇంటి గరాజ్ మోటారుకైనా అమెరికాలో ఒక షరతు ఉంది. దిగే తలుపుకు ఏదైనా తగిలితే రెండు సెకన్లలో అది వెనక్కి లేవాలి. దానికి తోడు నేలకు ఆరంగుళాలకు మించని ఎత్తులో అటూ ఇటూ రెండు సెన్సరు కళ్లు పెడతారు, పాకే పాపాయి అడ్డొచ్చినా పట్టుకునేలా. మన ఊళ్లలో అమర్చే షట్టరు మోటార్లకు ఈ కళ్లు అడిగితేనే పెడతారు. అడగండి. ఉన్నవాళ్లు నెలకోసారి షట్టరు దిగుతుండగా చీపురు కట్టను ఆ కళ్ల మధ్య అడ్డం పెట్టి చూడండి. ఆగి వెనక్కి పోవాలి. ఎవరూ అడ్డం లేకపోయినా దిగనంటోందా? సాలెగూడో దుమ్మో కన్ను మీద పడి ఉంటుంది, మెత్తటి గుడ్డతో తుడవండి. పడమటి ఎండ సూటిగా పడి కన్ను గుడ్డిదవడం కూడా ఉంది. చిన్న రేకు గొడుగు పెడితే పోతుంది.

కొత్తగా చేయించుకునేవాళ్లకు కొలతల ముచ్చట. షట్టర్లకు భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 6248. దాని ప్రకారం చేత్తో ఎత్తే స్ప్రింగు షట్టరు 8 చదరపు మీటర్ల దాకా మామూలుగా సరిపోతుంది. అది దాటి 12 దాకా అయితే బాల్ బేరింగులు ఉండాలి. పదడుగులు ఇంటూ ఎనిమిదడుగులంటే సుమారు ఏడున్నర చదరపు మీటర్లు, గీతకు ఇవతలే. రెండు కార్లకని పదహారు అడుగులు పెట్టిస్తే పన్నెండు దగ్గరికి వెళ్లిపోతారు. వెడల్పు మూడున్నర మీటర్లు దాటితే రేకు 0.90 మిల్లీమీటర్లు చాలదు, 1.25 కావాలి. రేకు మందమైతే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే మోటారు పెరుగుతుంది. 300, 500, 600 కిలోలంటూ మోటార్లు అమ్ముతారు. అంగడివాడు చెప్పిన అంకె కాకుండా మీ షట్టరు బరువును లెక్క వేయించి, దానికి బాగా పైన ఉన్నది తీసుకోండి.

చివరి చిక్కు మనిషి దొరకడం. చేతి షట్టర్లకు మన ఊళ్లోనే మంచి పనివాళ్లున్నారు. మోటారు బోర్డు విప్పగలవాడు మాత్రం గద్వాలకు కర్నూలు నుంచో, వనపర్తికి మహబూబ్‌నగర్ నుంచో, నాగర్‌కర్నూలుకు హైదరాబాదు నుంచో రావాల్సి రావచ్చు. వచ్చి, చూసి, "సామాను తెస్తా, రేపొస్తా" అని వెళ్తే ఆ రేపు ఎప్పుడో దేవుడికే తెలియాలి. దీనికో మందుంది. షట్టరు పక్క గోడ మీద, వానకు తడవని చోట, పర్మనెంట్ మార్కరుతో ఆరు ముక్కలు రాసి పెట్టండి: వెడల్పు, ఎత్తు, రేకు మందం, మోటారు ఎన్ని కిలోలది, ఏ కంపెనీది, స్ప్రింగులు ఎప్పుడు మార్చింది. చెడిన రోజు ఆ గోడకో ఫోటో, పైన మోటారుకో ఫోటో, షట్టరు ఎక్కడ ఆగిందో చూపే పది సెకన్ల వీడియో మెకానిక్కుకు పంపండి. "ఇగ తెలిసింది సార్, కండెన్సరు పట్టుకొనే వస్తా" అని అతను అక్కడే చెప్తాడు, కర్నూలులో బస్సు ఎక్కకముందే సామాను సంచిలో పడుతుంది.

వంగిన పట్టీ మార్పించుకున్న వనపర్తి ఇంటాయన గోడ మీద ఏడో ముక్క కూడా రాసుకున్నాడు, కొంచెం పెద్దక్షరాలతో: తాళం తీసినవా?